పరీక్ష ఎగుమతి రొయ్యకేనా? కూలోళ్ల కూటికి వద్దా?

కోళ్లకు, పాడిపశువులకు యాంటీబయాటిక్ వేసి తగినన్ని రోజులు ఆగకుండా అమ్మితే ఆ మందు మాంసంలో, పాలలో మిగులుతుంది. ఇట్లా విచ్చలవిడిగా వాడితే మందుకు లొంగని క్రిములు పుడతాయి. రేపు కూలోడికి జ్వరమొస్తే సూది పనిచేయదు.

2016లో యూరప్ మన చెరువు రొయ్యల సరుకులో తనిఖీని నూటికి 10 నుంచి 50కి పెంచింది. దొరల పళ్లేనికి అంత కాపలా! మరి అశ్వారావుపేటలో కూలీలు కొనే కోడికూరకు? కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడరాదని కేంద్రం 2019లో నిషేధించింది. కాగితం మీది నిషేధం చాలదు.

శాస్త్రం దారి చూపుతోంది. అతిసూక్ష్మ కర్బన రేణువులు అతినీలలోహిత దీపం కింద మెరుస్తాయి. టెట్రాసైక్లిన్ ఉన్న పాలతేట తగిలితే ఆ మెరుపు తగ్గుతుంది. తగ్గుదల కొలిస్తే మందెంతో తెలుస్తుంది. ఇది ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది. చిన్న రైతుపై భారం వేయకుండా, సర్కారు ఖర్చుతో ఇక్కడి వ్యవసాయ కళాశాలకు ఇటువంటి పరీక్షలు తేవాలని నిలదీద్దాం!