మీకు తెలుసా? ఉప్పు లెక్కలో ఒక్క పరమాణువు కూడా తప్పిపోదు!

చెవిటికల్లు ఊళ్లో ఎవరి వంటింట్లోనైనా సరే, ఉప్పు డబ్బా మూత తీయండి. కిలో అయోడిన్ ఉప్పులో ఉండాల్సిన అయోడిన్ ఎంతో తెలుసా? కనీసం 15 మిల్లీగ్రాములు. అంతే! మరి ఇంత కొంచెం అయోడిన్‌ని ల్యాబ్‌లో ఎలా పట్టుకుంటారు? గమ్మత్తంతా అక్కడే ఉంది!

ఉప్పులో అది పొటాషియం అయోడేట్‌గా ఉంటుంది. దానికి పొటాషియం అయొడైడ్, కాస్త ఆమ్లం కలుపుతారు. తుల్యం చేసిన సమీకరణం ఇదిగో:

1 పొటాషియం అయోడేట్ + 5 పొటాషియం అయొడైడ్ + 6 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → 3 అయోడిన్ + 6 పొటాషియం క్లోరైడ్ + 3 నీరు

బయటపడ్డ 6 అయోడిన్ పరమాణువుల్లో ఉప్పులోంచి వచ్చింది ఒక్కటే! మిగతా 5 మనం పోసినవే! అంటే ఉన్నది 6 రెట్లయి కనబడుతుంది! అందులో నాలుగు చుక్కల గంజి వేస్తే చాలు, నీలం!

గోదావరి వైపు సగ్గొండలో ఆంధ్రా షుగర్స్ వారి కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉంది. ముడిసరుకు ఏంటో తెలుసా? మన ఉప్పే! ఉప్పునీళ్లకు కరెంటు పెడతారు. 117 కిలోల ఉప్పు కరిగిపోతే 80 కిలోల కాస్టిక్ సోడా, 71 కిలోల క్లోరిన్, 2 కిలోల హైడ్రోజన్! కూడితే 153! ఆ ఎక్కువ ఎక్కడిదంటారా? 36 కిలోల నీళ్లు కూడా చర్యలో కలిశాయిగా! కిరాణా కొట్టు పద్దులా పైసాతో సహా సరిపోయింది!

ఇక జగ్గయ్యపేట సున్నపురాయి! సిమెంటుకే అనుకుంటున్నారా? హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి, బుస్సున పొంగుతుంది! అచ్చమైన రాయి 100 గ్రాములు కరిగితే కాల్షియం క్లోరైడ్ 111 గ్రాములు! రాయి కంటే లవణమే బరువు!

ఆ కాల్షియం క్లోరైడ్‌ని సోడియం ఫ్లోరైడ్ నీళ్లలో వేస్తే ఏమొస్తుందో ఊహించండి! ఒకటికి రెండు చొప్పున కలుస్తాయి. తెల్లగా కాల్షియం ఫ్లోరైడ్ అడుక్కి దిగుతుంది. నీళ్లలో మిగిలేది? 2 అణువుల వంటింటి ఉప్పు! అయితే ఫ్లోరైడ్ పూర్తిగా పోదు సుమా. కాస్త కరిగే ఉంటుంది, లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాములు! తాగే నీళ్లలో ఉండకూడనిదేమో 1.5 దాటి! అందుకే మన నల్గొండ పేరుతోనే ప్రసిద్ధికెక్కిన ఫ్లోరైడ్ తొలగించే పద్ధతిలో సున్నంతో పాటు పటిక కూడా వేస్తారు.

చివరగా ఒకటి! పదో తరగతి ల్యాబ్‌లో తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌ని ఎండలో పెడితే బూడిద రంగుకు తిరుగుతుంది, చూశారా? 2 అణువులు విడిపోతే 2 వెండి పరమాణువులు, 1 క్లోరిన్ అణువు. 100 గ్రాముల ఆ తెల్ల పొడిలో వెండి ఎంతో తెలుసా? 75 గ్రాములు! కంసాలి చెవిన వేయకండి!