పొగలోంచి తీసిన మైలేజీ

కార్బురేటర్ బళ్ళ రోజుల్లో మా మెకానిక్ షెడ్డులో ఒక పాత సీసా ఉండేది. 100 మిల్లీలీటర్ల దగ్గర బ్లేడుతో గీసిన గీత. ట్యాంకు పైపు పీకేసి, సీసా పైపును కార్బురేటర్‌కు తగిలించి, సీసాను హ్యాండిల్‌కు కట్టి, బండి ఆగిపోయేదాకా బైపాస్ మీద పోనిచ్చేవాడు. ఆగినచోట మీటరు చూసి, వచ్చిన దూరాన్ని పదితో హెచ్చవేస్తే లీటరుకు ఎంతో తేలేది. ఎదురుగాలి రోజున ఒక లెక్క, వెనకగాలి రోజున ఇంకో లెక్క.

మొన్న ఇంటర్ క్లాసులో ఒక అబ్బాయి ఆ సీసాను గుర్తుచేశాడు. "సార్, మా కారు లీటరుకు 20 ఇస్తుందని రాసుంది. నాన్నకు 15 దాటడం లేదు. వాళ్ళు ఏ రోడ్డు మీద నడిపి చూశారు?"

ఏ రోడ్డూ కాదు. పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ అయినా, అమెరికాలో ఆన్ ఆర్బర్‌లో ఉన్న పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రయోగశాల అయినా, కారును ఎక్కించేది రోలర్ల మీద. ఛాసిస్ డైనమోమీటర్ అంటారు దాన్ని. చక్రాలు తిరుగుతుంటాయి, కారు అంగుళం కూడా జరగదు. జరగని కారుకు గాలి అడ్డురాదు, తన బరువును తాను మోసుకుపోయే శ్రమా ఉండదు. అందుకని ఆ రెండూ రోలరుకు నేర్పాలి. ముందుగా కారును ట్రాక్ మీద వేగంగా పోనిచ్చి న్యూట్రల్‌లో వదిలేస్తారు. తొక్కడం మానేసిన సైకిల్లాగా నెమ్మదిస్తుంది. ఏ వేగం దగ్గర ఎంత త్వరగా నెమ్మదించిందో చూస్తే, గాలీ టైర్లూ కలిసి ఎంత బలంతో వెనక్కి లాగుతున్నాయో తెలుస్తుంది. రోలరు కూడా అంతే బలంతో చక్రాన్ని నిలవరిస్తుంది. బరువుకు బదులు పాత యంత్రాల్లో ఫ్లైవీళ్ళు బిగించేవారు. ఇప్పుడు ఆ పనంతా కరెంటు మోటారుదే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఈ పరీక్షలో పెట్రోలును కొలవరు. పొగను కొలుస్తారు. పెట్రోలులో ఉన్న కార్బన్ ఇంజిన్లో మాయమవదు, సైలెన్సర్ గుండానే బయటికి రావాలి. బయటికొచ్చిన కార్బన్ ఎంతో తెలిస్తే లోపల కాలిన పెట్రోలు ఎంతో తెలిసినట్టే. కానీ పొగ ఒక్క తీరున రాదు. యాక్సిలరేటర్ తొక్కితే ఉప్పెనలా వస్తుంది, సిగ్నల్ దగ్గర సన్నగా. క్షణక్షణం మారేదాన్ని కూడేదెలా?

పాలవాడు బిందెలో ఒకసారి నిండా, ఒకసారి పావు వంతు పాలు పోస్తున్నాడనుకోండి. ప్రతిసారీ మిగతాది నీళ్ళతో అంచుదాకా నింపి, ఒక్కొక్క గరిటె తీసి వేరే గిన్నెలో పోస్తూ పోండి. చివర్లో ఆ గిన్నెలో పాల వంతు ఎంతో చూస్తే చాలు, మొత్తం పాలెన్నో వచ్చేస్తుంది. ఇక్కడా అంతే. పొగకు గదిలోని గాలిని కలుపుతూ, రెండూ కలిసిన ప్రవాహం ఎప్పుడూ ఒకే వేగంతో పోయేలా చూస్తారు. అందులోంచి ఒక సన్నటి పాయ ప్లాస్టిక్ సంచిలోకి వెళ్తుంది. ఆ సంచి తనంతట తానే సగటు కట్టేస్తుంది. గది గాలిలోనూ కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి, ఇంకో సంచిలో ఆ గాలిని పట్టి తీసివేస్తారు.

లీటరు పెట్రోలులో సుమారు 640 గ్రాముల కార్బన్. కాలితే దాదాపు 2,340 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. కారు కిలోమీటరుకు 117 గ్రాములు వదిలితే, 2,340ని 117తో భాగించండి: 20. కాగితం మీది అంకె ఇలా పుట్టిందే.

అసలు ఆ సంచిని కనిపెట్టింది మైలేజీ కోసం కాదు, పొగమంచు కోసం. లాస్ ఏంజెలెస్ కళ్ళు మండించే విషపు పొగ అది. ఆ ఊళ్ళో జనం కార్లు నడిపే తీరును 1,372 సెకన్ల వేగరేఖగా గీశారు. డ్రైవరు తెర మీద ఆ గీతను అనుసరిస్తూ నడపాలి. అప్పటి రోలర్లు పట్టు తప్పకుండా సెకనుకు గంటకు 5.3 కిలోమీటర్లకు మించి వేగం పెంచుకోనిచ్చేవి కావు. కాబట్టి గీతలో అంతకన్నా నిటారుగా ఉన్న ఎక్కుళ్ళన్నీ వాలుగా మార్చేశారు! యంత్రానికి చేతకానిది పరీక్షలోంచి పోయింది. తర్వాత అదే సంచిలోంచి మైలేజీ కూడా తీయడం మొదలైంది. రోడ్డు మీద అంత రాదని తేలి 1985లో ఊరి అంకెను 10 శాతం, హైవే అంకెను 22 శాతం తగ్గించారు. 2008 నుంచి ఏసీ, చలి, దూకుడు నడకలకు వేరే పరీక్షలు కలిపారు.

మన గీత వేరు. అందులో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు, సగటు 32 దగ్గర, ఏసీ ఆఫ్. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న ఏసీ వేసుకుని విజయవాడ ట్రాఫిక్‌లో వెళ్తాడు. 15 రావడంలో వింత లేదు. కానీ కొనేటప్పుడు పక్కపక్కనే పెట్టి పోల్చే రెండు కార్లూ అదే గీత మీద నడిచాయి. కాబట్టి 20 అన్నదీ 16 అన్నదీ మన చేతిలో రెండూ తగ్గినా, మామూలుగా మొదటిదే ముందుంటుంది.

ఒక్క చిక్కుంది. మా ఇంట్లో రెండు కార్లు, ఒకటే మార్చే స్తోమత. బావగారి పెద్ద బండి లీటరుకు 10, దాని బదులు 14 ఇచ్చేది చూశాం. చెల్లెలి చిన్న కారు 20, దాని బదులు 28 ఇచ్చేది. 8 పెరగడమే మేలని అందరూ అన్నారు. నేను నల్లబల్ల మీదలాగే కాగితం మీద వేసి చూపించాను. 1,000 కిలోమీటర్లకు పెద్ద బండికి 100 లీటర్లు 71కి దిగుతాయి, చిన్నదానికి 50 లీటర్లు 36కి. ఆదా మొదటిదాంట్లో 29, రెండోదాంట్లో 14. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ 2008లో ఇదే పొరపాటును లెక్కలతో చూపించారు. యూరప్‌లో చాలాచోట్ల 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని రాస్తారు, అక్కడ ఈ తికమకే రాదు. మా బావగారి బండి పోయిన నెలలో మార్చాం.