కొనేవాళ్లు వస్తున్నారు... ఇల్లు సిద్ధమేనా?

పాత ఫ్లాట్ అమ్మాలంటే లక్షలు పోసి హంగులు చేయించక్కర్లేదు. ఉన్న ఇంటినే శుభ్రంగా, చక్కగా, దాపరికం లేకుండా చూపిస్తే మంచి ధర అడగొచ్చు.

బిల్డర్లు చూపించే శాంపిల్ ఫ్లాట్‌లోకి అడుగుపెడితే చల్లటి ఏసీ గాలి, కనపడకుండా అమర్చిన దీపాల వెలుగు, నలగని దుప్పట్లు. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో పదిహేనేళ్లనాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్ముకునే కుటుంబానికి పోటీ ఇదే. పొద్దున అది చూసినవాళ్లే సాయంత్రం ఈ గడప తొక్కుతారు. బాల్కనీ నిండా పాత సామాను, బాత్‌రూమ్‌లో ఉప్పు పేరుకున్న కుళాయిలు కనిపిస్తే మొహం చిట్లించి, బేరం బాగా కిందనుంచి మొదలుపెడతారు.

అమ్మే ఇంటిని చూపరులకు నచ్చేలా తీర్చిదిద్దడాన్ని ‘హోమ్ స్టేజింగ్’ అంటారు. 1970ల్లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఇళ్ల అమ్మకాల్లో ఉన్న బార్బ్ ష్వార్ట్జ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అక్కడ సోఫాలూ మంచాలూ అద్దెకు తెచ్చి మరీ అలంకరిస్తారు. మనకు అంత అవసరం లేదు. శాంపిల్ ఫ్లాట్‌లో లేనిది మీ ఇంట్లో ఉంది. ఏ కిటికీలోంచి గాలి వస్తుందో, కుళాయిలో నీళ్లు ఎంత జోరుగా పడతాయో, పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లో వచ్చినవాళ్లు అక్కడికక్కడే తెలుసుకోవచ్చు. కడుతున్న ఫ్లాట్‌కి మామూలుగా పడే 5 శాతం జీఎస్టీ కూడా రీసేల్‌కి ఉండదు. ఆ బలాలు కంటపడేలా చేయడమే మన పని.

ముందు ఖాళీ చేయండి

పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. అటక మీది అట్టపెట్టెలు, మంచం కింద సూట్‌కేసులు, తలుపు వెనక వేలాడే బట్టలు, బాల్కనీలో తుప్పుపట్టిన సైకిలు... అన్నీ తీసేయండి. ఎలాగూ ఇల్లు మారేటప్పుడు సర్దాల్సినవే, నాలుగు వారాలు ముందు సర్దుతున్నారంతే. అల్మారాల్లో సగం ఖాళీ ఉంటే ‘చోటుకు కొదవలేదు’ అనిపిస్తుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల మెడల్స్ కూడా తీసి దాచుకోండి. కొనేవాళ్లను ఆ గోడ మీద తమ ఫొటోలు ఊహించుకోనివ్వండి. పూజగది మాత్రం కదపొద్దు. మనవాళ్లు తప్పక అడిగి చూసే చోటది. దీపం మసి తుడిచి, కాస్త వెలుతురు పడేలా ఉంచితే చాలు.

చెయ్యి తగిలే చోట ఖర్చుపెట్టండి

కొనేవాళ్లు ఊరికే చూసి వెళ్లరు. కుళాయి తిప్పుతారు, స్విచ్చు వేస్తారు, తలుపు లాగుతారు. బొట్టుబొట్టుగా కారే కుళాయికి కొత్త వాషర్, పసుపెక్కిన స్విచ్చులకు బదులు కొత్తవి, కిర్రుమనే బందులకు నూనెచుక్క, చిరిగిన దోమల మెష్‌కి బదులు కొత్తది: వీటిలో చాలావరకు వందల్లో తేలిపోతాయి. బోరునీళ్ల ఉప్పు మరకలు వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో పోతాయి. పాలరాతి మీద మాత్రం వాడొద్దు, మెరుపు చచ్చిపోతుంది. గదిలో ఒక బల్బు తెల్లగా, ఒకటి పచ్చగా వెలగకుండా అన్నీ ఒకే రంగు ఎల్‌ఈడీలు పెట్టండి.

విదేశాల్లో ఉంటూ ఇక్కడి ఫ్లాట్ అమ్మేవాళ్లకు ఇంకో జాగ్రత్త. మూసి ఉంచిన ఇంట్లో బాత్‌రూమ్ నహానీ ట్రాప్‌లోని నీళ్లు ఆవిరైపోతాయి. డ్రైనేజీ వాసనను అడ్డుకునేది ఆ నీళ్లే. చూడటానికి ఎవరైనా వచ్చే ముందురోజే కిటికీలు తెరిపించి, ఒక్కో ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోయించండి.

ఆషాఢంలో పని, శ్రావణంలో బేరం

ఆషాఢంలో ఇల్లు కొనే మాట ఎత్తడానికి చాలామంది ఇష్టపడరు. ఆ నెల మీకు దొరికిన వరమే. పైకప్పు ఎక్కడ ఉరుస్తోందో, ఏ గోడ చెమ్మగిల్లుతోందో మొదటి వానలే చెప్పేస్తాయి. సర్దుడు, కడుగుడు, చిన్న రిపేర్లు అప్పుడే ముగించండి. రంగులు మాత్రం వీలైతే ఎండాకాలంలోనే వేయించండి. తడి గోడకు వేసిన రంగు పెచ్చులూడుతుంది. ఇల్లంతా వేయించే స్తోమత లేకపోతే హాలు, వంటింటికి లేతరంగు వేయించినా ఇంటి కళ మారుతుంది.

ఫొటోలు పట్టపగలు కర్టెన్లు తీసి, గది మూల నుంచి ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. వచ్చేవాళ్లు మీ గుమ్మం కంటే ముందు ఆ ఫొటోలనే చూస్తారు.

లోపం దాచొద్దు

చెమ్మ గోడకు కొత్త రంగు పూసి, దానికి బీరువా అడ్డంపెట్టి అమ్మేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. తమకు తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, అవతలివాళ్లు జీవితకాలపు పొదుపును మీ చేతిలో పెడుతున్నారు. ఉరిసిన చోట వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఆ బిల్లు చూపించండి.

ఆ బిల్లుతోపాటు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆస్తిపన్ను రసీదు, సొసైటీకి బకాయి లేదన్న కాగితం ఒకే ఫైల్లో పెట్టి హాల్లో టీపాయ్ మీద ఉంచండి. ఇల్లు నచ్చినవాళ్లు ఆ తర్వాత అడిగేది కాగితాల గురించే. అన్నీ సక్రమంగా కనిపిస్తే, అనుమానాలు చూపి ధర తగ్గించడానికి వాళ్లకు ఆస్కారం ఉండదు, మీరు మీ ధర మీద ధైర్యంగా నిలబడొచ్చు.