‘కల్’ అంటే నిన్నా, రేపా? 25 ముక్కల్లో ఉర్దూ క్రియ

ఇవాళ్టికి అటూ ఇటూ ఉన్న 4 రోజులకు తెలుగులో 4 మాటలున్నాయి: మొన్న, నిన్న, రేపు, ఎల్లుండి. ఉర్దూలో ఆ నాలుగింటికీ కలిపి రెండే. నిన్నకూ రేపటికీ ‘కల్’, మొన్నకూ ఎల్లుండికీ ‘పర్సోఁ’. సికింద్రాబాద్‌లో స్కూటర్ రిపేరుకిచ్చిన వాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ‘కల్’ అన్న మాట ఒక్కటే చెవినేసుకుని ఇంటికొచ్చేస్తే, బండి నిన్ననే తయారైందో రేపు అవుతుందో తేలదు. తేల్చేది క్రియ. ‘కల్ ఆయా’ అంటే నిన్న వచ్చాడు. ‘కల్ ఆయేగా’ అంటే రేపు వస్తాడు. (మన ఊళ్లో ‘పర్సోఁ’ ఇంకా సాగుతుంది. పోయిన నెల జరిగిన పెళ్లి కూడా పర్సోఁ జరిగినట్టే.) కాలం బరువంతా క్రియ చివరి ముక్క మీద మోపిన భాష ఇది. అందుకే, కొత్తగా నేర్చుకునేవారు కూరగాయల పేర్లూ చుట్టరికాల పేర్లూ బట్టీ పట్టే ముందు క్రియ సంగతి చూడాలంటాను.

ఈ భాష మనకు కొత్తదేమీ కాదు. ఉర్దూ అన్న మాటకు తుర్కీ మూలంలో సైనిక శిబిరమని అర్థం. సికింద్రాబాద్‌కు జనం పెట్టుకున్న పాత పేరు లష్కర్ అన్నది పారసీ మాట, దానికీ సైన్యమనే అర్థం. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు ఈ కంటోన్మెంటుకు వచ్చింది. కాగితాల్లో సికింద్రాబాద్ అయినా ఆషాఢం వస్తే ఇప్పటికీ లష్కర్ బోనాలే. బ్రిటిష్ రోజుల్లో తెల్ల అధికారులు మున్షీని పెట్టుకుని హిందుస్తానీ నేర్చుకుని పరీక్ష పాసయ్యేవారు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పైచదువులు ఉర్దూలోనే చెప్పింది. సి.నారాయణరెడ్డి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు 5.07 కోట్లు, తెలుగువారు 8.11 కోట్లు.

మనకు మున్షీ అక్కర్లేదు. సగం పాఠం తెలుగులోనే దాగుంది. దబాయించు, చలాయించు, సతాయించు, ఫిరాయించు, బనాయించు, జమాయించు, ఉడాయించు, నిభాయించు. ఈ 8 మాటల్లో ‘యించు’ కోసేసి ‘నా’ తగిలించండి: దబానా, చలానా, సతానా, ఫిరానా, బనానా, జమానా, ఉడానా, నిభానా. ఎనిమిదీ ఉర్దూ క్రియలే. అర్థాలు మాత్రం కొన్ని దారి మళ్లాయి. ఉర్దూలో ‘ఉడానా’ అంటే ఎగరవేయడం. మన దగ్గర సొమ్ముతో ఉడాయించినవాడు తానే ఎగిరిపోతాడు. ‘బనానా’ అంటే మామూలుగా తయారుచేయడం, మన పత్రికల్లో బనాయించేది ఎప్పుడూ కేసులనే.

అంతకన్నా పెద్ద సంచి ఇంకోటుంది. ఖర్చు, వసూలు, రద్దు, దాఖలు, జారీ, మంజూరు, జమ, ఖాళీ, తయారు, జప్తు. ఈ పదింటి పక్కన మనం ‘చేయు’ పెడతాం, ఉర్దూలో ‘కర్నా’ పెడతారు. ఖర్చు చేయడం ‘ఖర్చ్ కర్నా’, రద్దు చేయడం ‘రద్ద్ కర్నా’. హాజరవడం ‘హాజిర్ హోనా’. తాలూకా కచేరీ మెట్లెక్కిన ప్రతి తెలుగువాడికీ ఇలాంటివి ఎన్నో వచ్చు. తెలుగులో చేరిన ఇలాంటి మాటలకు సి.పి.బ్రౌన్ 1854లో విడిగా ఓ నిఘంటువే వేశాడు. కాబట్టి కర్నా, హోనా అనే రెండు క్రియల తోకలు వస్తే ఆ సంచంతా కదులుతుంది. మాటలు ఉన్నాయి, తోకలు తెలియవు. మన లోటు అదొక్కటే.

ఆ తోకలెన్ని? లెక్కేద్దాం. క్రియ పేరు చివరి ‘నా’ తీసేస్తే ధాతువు మిగులుతుంది: జానాలో ‘జా’, కర్నాలో ‘కర్’. అలవాటు చెప్పడానికి తా, తే, తీ, మొత్తం 3. జరుగుతున్నదానికి రహా, రహే, రహీ, ఇంకో 3. అయిపోయినదానికి ఆ, ఏ, ఈ, ఈఁ, 4. పక్కన నిలబడే వర్తమాన సహాయకులు హూఁ, హై, హో, హైఁ, 4. భూతకాల సహాయకులు థా, థే, థీ, థీఁ, 4. భవిష్యత్తుకు ముందు ఊఁ, ఏ, ఓ, ఏఁ అనే 4, వాటి వెనక గా, గే, గీ అనే 3. కూడితే 25. (అరసున్న పెట్టినచోటల్లా ముక్కుతో పలకాలి. తెలుగు బడి ఏనాడో వదిలేసిన అరసున్నకు ఇక్కడ పని దొరికింది.)

ఈ 25 ముక్కల్ని అతికిస్తే రోజువారీ మాటలకు సరిపోయే 8 చట్రాలు వస్తాయి. జాతా హై, జాతా థా, జా రహా హై, జా రహా థా, గయా, గయా హై, గయా థా, జాయేగా. ఇప్పుడు వీటి పక్కన తెలుగు పెట్టి చూడండి. జాతా హై అంటే రోజూ వెళ్తాడు. జాయేగా అంటే రేపు వెళ్తాడు. మన ‘వెళ్తాడు’ ఒక్కటే రెండు చోట్లా కూర్చుంది! జాతా థా అంటే వెళ్లేవాడు, జా రహా హై అంటే వెళ్తున్నాడు, జా రహా థా అంటే అప్పుడు వెళ్తూ ఉన్నాడు. ఇక గయా, గయా హై, గయా థా మూడింటికీ మామూలు సంభాషణలో మనం ‘వెళ్లాడు’ అనేస్తాం. తేడా చెప్పాలంటే ‘ఇప్పుడే’, ‘అప్పటికే’ లాంటి మాట ముందు పెడతాం.

తెలుగువాళ్ల మొదటి తప్పు పుట్టేది ఇక్కడే. ‘రేపు వస్తాను’ అన్నది తలలో ఉంటే నోట్లోంచి ‘కల్ ఆతా హూఁ’ వస్తుంది. పుస్తకం ‘కల్ ఆఊఁగా’ అనమంటుంది. అయితే సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఎవరూ మిమ్మల్ని దిద్దరు. ఎందుకంటే ఇక్కడి వాడుక ఉర్దూ అయిన మన దక్కనీలోనూ ‘కల్ ఆతౌఁ’ అనే అంటారు. నాలుగు శతాబ్దాలకు పైగా పక్కపక్కన బతికిన భాషలు, ఒకదాని అలవాటు ఇంకోదానికి అంటకుండా ఎలా ఉంటుంది?

దారి తప్పిన క్రియలు భూతకాలంలో ముఖ్యంగా 5: కర్నా కియా అవుతుంది, దేనా దియా, లేనా లియా, జానా గయా, హోనా హువా. అంతే. ‘వచ్చు’ కాస్తా ‘రా’గా, ‘వస్తా’గా మారిపోయే మన భాషను నేర్చుకునే పరాయివాడి అవస్థ ముందు ఇదెంత?

అసలు చిక్కు లింగంతో. తెలుగులో ‘నేను వస్తాను’ అని మగవారన్నా ఆడవారన్నా క్రియ ఒక్కటే. ఉర్దూలో మగవాడు ‘ఆతా హూఁ’ అనాలి, ఆడమనిషి ‘ఆతీ హూఁ’ అనాలి. మన ‘వచ్చింది’ ఆడమనిషికీ ఆవుకీ రైలుకీ చెల్లుతుంది. ఉర్దూలో నపుంసకమే లేదు, ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. పానీ మగ, చాయ్ ఆడ. ఖానా మగ, రోటీ ఆడ, బిర్యానీ ఆడ. బండి ఒక్కటే అయినా స్కూటర్ అంటే ‘మిలేగా’, గాడీ అంటే ‘మిలేగీ’. ‘ఆ’తో ముగిసేవి ఎక్కువగా మగ, ‘ఈ’తో ముగిసేవి ఎక్కువగా ఆడ అనే సూత్రం చాలా దూరం తీసుకెళ్తుంది. కానీ పానీ లాంటివి దారిలో కాలు అడ్డం పెడతాయి. సికింద్రాబాద్ స్టేషన్‌లో హిందీ ప్రకటన వింటూ కూర్చుంటే ఉచితంగా ఓ పాఠం అయిపోతుంది. ఏ రైలైనా ‘ఆ రహీ హై’, ఎందుకంటే గాడీ ఆడది. హిందీ, ఉర్దూ క్రియల తోకలు ఒకటే కాబట్టి బళ్లో నేర్చిన హిందీ ఇక్కడ వృథా పోదు.

ఆ తర్వాతది ‘నే’. నేర్చుకునేవాళ్లు పుస్తకం మూసేసేది సాధారణంగా ఈ పేజీ దగ్గరే, నిజానికి లెక్క చూస్తే భయపడాల్సింది లేదు. 8 చట్రాల్లో ‘నే’ వచ్చేవి 3 మాత్రమే, పని అయిపోయిందని చెప్పే ఆ మూడు. అందులోనూ క్రియ సకర్మకమైతేనే. ‘లడ్కా రోటీ ఖాతా హై’ అన్నప్పుడు క్రియ అబ్బాయి మాట వింటుంది. ‘లడ్కే నే రోటీ ఖాయీ’ అన్నప్పుడు రొట్టె మాట వింటుంది. అబ్బాయి చేత రొట్టె తినబడింది అన్నట్టు. రొట్టె ఆడది కాబట్టి ఖాయీ. కర్మకు ‘కో’ తగిలిస్తే క్రియ ఎవరి మాటా వినక ‘ఆ’ దగ్గర ఆగిపోతుంది: ‘మైఁనే ఉస్ లడ్కీ కో దేఖా’. లానా, భూల్నా, బోల్నా అనే మూడు మామూలుగా ‘నే’ను దగ్గరికి రానీయవు.

నేను చాలాకాలం ‘మైఁనే చాయ్ పియా’ అని తిరిగాను. ఓ ఇరానీ హోటల్లో పక్కనున్న పెద్దాయన విని, ‘పీ, మియాఁ, పీ’ అన్నాడు. తాగమంటున్నాడనుకుని ఇంకో కప్పు చెప్పాను. ఆయన నా వ్యాకరణం దిద్దుతున్నాడు: చాయ్ ఆడది కనుక ‘మైఁనే చాయ్ పీ’. ‘తాగు’ అనే ఆజ్ఞా ‘పీ’యే కావడం నా ఖర్మ.

విచిత్రమేమంటే దక్కనీ ఈ ‘నే’ను చాలావరకు వదిలేసింది. ‘మై రోటీ ఖాయా’ అంటే ఇక్కడ చెల్లుతుంది, అచ్చం ‘నేను రొట్టె తిన్నాను’ లాగా. ఇంకో ముచ్చట. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్నదాన్ని దక్కనీలో ‘కల్ ఆతౌఁ బోల్కే బోలా’ అంటారు. మన ‘అని’ ఎక్కడుందో ‘బోల్కే’ అక్కడే కూర్చుంది. పుస్తకం ఉర్దూలో వరుస తిరగబడుతుంది: ‘ఉస్నే కహా కి మైఁ కల్ ఆఊఁగా’. దక్కనీని చెడిపోయిన ఉర్దూ అని వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ భాషలోనే. కానీ ఉత్తరం రాయాలన్నా, వార్త చదవాలన్నా ‘నే’ కావాలి. చెవికి దక్కనీ, చేతికి పుస్తకం ఉర్దూ, రెండూ పెట్టుకోవడమే నయం.

వ్యాకరణ పుస్తకం తెరిస్తే మరో చుట్టం కనబడుతుంది. భూతకాలానికి ఉర్దూ పేరు ‘మాజీ’. మాజీ మంత్రి, మాజీ ఎమ్మెల్యే అన్నప్పుడు మనం వాడేది ఆ మాటే. పాత పద్ధతి వ్యాకరణాలు మాజీని 6 రకాలుగా లెక్కిస్తాయి. గయా ముత్లఖ్, ఉత్త భూతం. గయా హై ఖరీబ్, దగ్గరిది. గయా థా బయీద్, దూరపుది. జాతా థా ఇస్తమ్రారీ, సాగినది. గయా హోగా అంటే వెళ్లి ఉంటాడు, ఇది అనుమానంది, షక్కియా. ఆరోది తమన్నాయీ, ‘కాశ్ వో జాతా’, వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో అనే నిట్టూర్పు. నిట్టూర్పుకు విడిగా ఓ కాలం కేటాయించిన వ్యాకరణాన్ని నేను ప్రేమించకుండా ఉండలేకపోయాను. 1914లో ‘ఖవాయిద్-ఎ-ఉర్దూ’ అనే వ్యాకరణం వెలువరించిన మౌల్వీ అబ్దుల్ హఖ్, తర్వాత ఉస్మానియా కోసం పాఠ్యపుస్తకాలు అనువదించిన సంస్థకు పెద్దగా పనిచేశారు.

లిపి సంగతి తర్వాత చూసుకోవచ్చు. మొదటి నెల తెలుగు లిపిలోనే రాసుకోండి. కర్నా ఒక్కదాన్నే 8 చట్రాల్లో, మగకొకసారి ఆడకొకసారి రాస్తే 16 వాక్యాలు, ఒక పేజీ పని. రెండో పేజీ జానాకు, మూడోది ఖానాకు. ఖానా దగ్గర ఆ మూడు ‘నే’ వాక్యాల్లో ఓసారి రోటీ, ఓసారి ఖానా పెట్టి క్రియ ఎవరి మాట వింటోందో చూసుకోండి. ఆ మూడు పేజీలూ జేబులో పెట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ‘కల్’ అనగానే కదలకండి, మిగతా మాట పూర్తిగా విని రండి.