పడమటి తెలుగు

మన భాషని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని బళ్ళో తెలుగు మాస్టారు చెప్పినప్పుడల్లా క్లాసంతా కాస్త నిటారుగా కూర్చునేది. 15వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనిస్ వర్తకుడు నికొలో దె కొంతి ఆ మాట అన్నాడని చెప్పుకుంటారు. ఎవరన్నా, అనకపోయినా, సంగతి మాత్రం నిజమే. రెండు భాషల్లోనూ మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. మనమైతే బస్‌ని బస్సు చేసి, కార్‌ని కారు చేసి గానీ ఇంట్లోకి రానివ్వం కదా! అయితే ఆ పొగడ్తని మెళ్ళో దండలా వేసుకు తిరిగామే తప్ప, ఒక్కసారైనా తిరగేసి చూశామా? తెలుగు తూర్పు ఇటాలియన్ అయినప్పుడు ఇటాలియన్ పడమటి తెలుగు కావాలి. అంటే అది నేర్చుకోవడం మనకి కాస్త తేలిక కావాలి. అవునో కాదో తేల్చుకుందామని మూడేళ్ళ క్రితం నేనొక నోటుబుక్కు పెట్టాను.

ఊరికే పెట్టలేదు లెండి. మా చెల్లెలు పెళ్ళయ్యాక తొరీనో వెళ్ళింది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. నాలుగేళ్ళు గడిచినా మా మరిది పక్కన లేనిదే డాక్టరు దగ్గరికి వెళ్ళలేకపోయేది. డాక్టరు ప్రశ్నలు అతన్ని అడిగేది, జవాబులూ అతనే చెప్పేవాడు. “నొప్పి నాది, చెప్పేది ఆయన. ఒక్కోసారి నాకు లేని నొప్పులు కూడా చెప్పేస్తారక్కా” అని ఫోనులో నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. అతను మంచివాడే. కానీ తన ఒంటి సంగతి చెప్పుకోడానికి కూడా చదువుకున్న పిల్ల ఇంకొకరి నోరు అరువు తెచ్చుకోవడమేమిటి? ఇంతలో అది నీళ్ళోసుకుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి పురిటికి నేను వెళ్ళాలని తేలింది. చేతిలో ఆరు నెలలున్నాయి. “నువ్వూ నాతోపాటు నేర్చుకోవాలి, రోజూ రాత్రి ఫోనులో అప్పజెప్పాలి” అని దానికి షరతు పెట్టాను.

మా చెల్లెలి కథ ఒక్క మా ఇంటిదే కాదు. భర్త ఉద్యోగం వెంట దేశాలు దాటి వెళుతున్న మనమ్మాయిలు ఎందరో. ఐరోపా వాళ్ళు భాషా జ్ఞానాన్ని ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కట్టారు. ఇటలీలో దీర్ఘకాల నివాసపు అనుమతి కావాలంటే 2010 నుంచి ఎ2 స్థాయి పరీక్ష ఉంది. పౌరసత్వానికి 2018 డిసెంబరు నుంచి బి1 అడుగుతున్నారు. జర్మనీలో ఉన్న భర్త దగ్గరికి వెళ్ళే భార్యకి, కొన్ని మినహాయింపులు తప్ప, 2007 నుంచి ఎ1 ఉండాలి. అక్కడ నర్సుగా పనిచేయాలంటే సాధారణంగా బి2 దాకా రావాలి. పెళ్ళి చీరలు కొనే హడావుడిలో ఈ మెట్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

ఇంతకీ నోటుబుక్కు. నేను కొన్న పుస్తకాలన్నీ ఇంగ్లీషువాళ్ళ కోసం ఇంగ్లీషువాళ్ళు రాసినవి. నాలుగు పాఠాలు చదివేసరికి ఒక తమాషా తెలిసింది. వాళ్ళు చెమటోడ్చే చోట మనకి చెమటే పట్టదు.

ఉదాహరణకి ఇష్టాయిష్టాలు. ఇటాలియన్‌లో ‘మి ప్యాచె ఇల్ కఫ్ఫే’ అంటే ‘నాకు కాఫీ నచ్చుతుంది’. ‘మి’ అంటే నాకు. పుస్తకాలైతే ‘మి ప్యాచ్చొనొ ఇ లిబ్రి’. క్రియ మారింది చూశారా? మనం ‘నాకు పుస్తకం నచ్చింది, పుస్తకాలు నచ్చాయి’ అన్నట్టే, నచ్చిన వస్తువుని బట్టే క్రియ మారుతుంది. ‘ఐ లైక్’ అని అలవాటైనవాళ్ళు దీన్ని తలకిందులుగా వేలాడి నేర్చుకోవాలి. మనం కాళ్ళ మీద నిలబడే నేర్చుకోవచ్చు.

తరువాత క్రియలు. మాట్లాడటం ‘పర్లారె’. పార్లొ అంటే మాట్లాడతాను, పార్లి మాట్లాడతావు, పార్ల మాట్లాడతాడు లేదా మాట్లాడుతుంది, పర్ల్యామొ మాట్లాడతాం, పర్లాతె మీరు మాట్లాడతారు, పార్లనొ వాళ్ళు మాట్లాడతారు. నేను, నువ్వు అని ముందు తగిలించనక్కర్లేదు. ‘వస్తాను’ అంటే వచ్చేది ఎవరో మనకి తెలియదూ? అలాగే. ఇలా ‘ఆరె’తో ముగిసే క్రియలు ఒక కుటుంబం, ‘ఎరె’వి ఇంకొకటి, ‘ఇరె’వి మూడోది. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ రాసుకుని బియ్యం డబ్బా మూత మీద అంటించాను. అన్నం ఉడికేలోపు ఒక క్రియ వచ్చేసేది. అయితే నిత్యం వాడేవే దారి తప్పి నడుస్తాయి. ఉండటం, కలిగి ఉండటం, వెళ్ళటం, చేయటం — ఈ నాలుగింటినీ ఎక్కాల్లా బట్టీ పట్టాల్సిందే.

ఇక వత్తులు. ‘సేతె’ అంటే దాహం, ‘సెత్తె’ అంటే ఏడు. ‘నోనొ’ తొమ్మిదోది, ‘నొన్నొ’ తాతయ్య. ‘కపెల్లొ’ వెంట్రుక, ‘కప్పెల్లొ’ టోపీ. ఈ తేడా పలకడానికి ఇంగ్లీషువాళ్ళకి నెలలు పడుతుందట. కల వేరు, కల్ల వేరు, గడి వేరు, గడ్డి వేరు అని పాలతో తాగినవాళ్ళం, మనకేం కష్టం? అక్కడి ‘త’ కూడా మన ‘త’లా పళ్ళకి తగిలేదే, ఇంగ్లీషు ‘ట’ కాదు. మన అక్షరమాలలో పనీపాటా లేకుండా కూర్చున్న ‘ఞ’ ఉందే, దానికి అక్కడ పెద్ద ఉద్యోగం. అమ్మగారూ అనాలంటే ‘సిఞ్ఞోర’, స్నానాల గది ‘బఞ్ఞొ’.

చెవికి వింతగా తోచేవీ ఉన్నాయి. స్నేహితులు కలిసినా విడిపోయినా ‘చావొ’ అనుకుంటారు. నేను ఫోనులో చెల్లెలికి అది చెబుతుంటే అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి, “కడుపుతో ఉన్నదాన్ని పట్టుకుని అవేం మాటలే?” అంది. దాని పుట్టుక వెనిస్ మాండలికంలో ఉంది, అర్థం ‘మీ దాసుణ్ణి’ అని. అంటే మన దాసోహం! అలా చెప్పాక గానీ అమ్మ శాంతించలేదు.

మరి కష్టం లేదా అంటే, ఉంది. అసలు కష్టం లింగంతో. మనకి ఆవిడా వచ్చింది, ఆవూ వచ్చింది, బస్సూ వచ్చింది. (ఆడవాళ్ళనీ బస్సునీ ఒకే గాట కట్టిన మన వ్యాకరణం మీద ఇంకో వ్యాసం రాయాలి.) ఇటాలియన్‌లో కుర్చీ ఆడది, పుస్తకం మగది. సాధారణంగా ‘ఒ’తో ముగిసేవి మగవి, బహువచనంలో ‘ఇ’ అవుతాయి: లిబ్రొ, లిబ్రి. ‘అ’తో ముగిసేవి ఆడవి, బహువచనంలో ‘ఎ’ అవుతాయి: కాస అంటే ఇల్లు, కాసె ఇళ్ళు. ‘ఎ’తో ముగిసేవి ఏవైనా కావచ్చు, బహువచనంలో ‘ఇ’. తాళంచెవి ‘క్యావె’ ఆడది, తాళంచెవులు ‘క్యావి’. ‘మానొ’ అంటే చేయి, చివర ‘ఒ’ ఉన్నా ఆడదే. ‘ప్రొబ్లేమ’ మాత్రం చివర ‘అ’ ఉన్నా మగది. సమస్య మగది కావడంలో నాకేమీ వింత కనపడలేదు గానీ, పరీక్షలో అలా రాస్తే మార్కులు రావు. అందుకే మాటని ఒంటరిగా నేర్చుకోకూడదు. ముందుండే ఇల్, లొ, ల కలిపి ‘ల మానొ’ అనే నేర్చుకోవాలి.

ఈ లింగంతోనే గడిచిన కాలం కూడా ముడిపడి ఉంది. ‘తిన్నాను’కి ‘ఒ మంజాతొ’, దాన్లో ‘కలిగి ఉండటం’ సాయం వస్తుంది. ‘వెళ్ళాను’కి ‘ఉండటం’ సాయం వస్తుంది. అప్పుడు మగవాడైతే ‘సొనొ అందాతొ’, ఆడదైతే ‘సొనొ అందాత’. గాభరా పడకండి. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ‘మైనే ఖాయా’కి ‘నే’ ఉంటుంది, ‘మై గయీ’కి ఉండదు, గయా కాదు గయీ — అప్పుడు తిన్న మొట్టికాయలు ఇక్కడ వడ్డీతో సహా పనికొస్తాయి. నాకైతే మధ్యమ పాసైన సర్టిఫికెట్టు ఇన్నేళ్ళకి సార్థకమైందనిపించింది.

బంధుత్వాల దగ్గర మాత్రం ఇటాలియన్ చాలా పేదది. పిన్ని, పెద్దమ్మ, అత్తయ్య అందరూ ‘త్సీయ’లే. వదిన, మరదలు, ఆడపడుచు ‘కొఞ్ఞాత’లే. మరీ విడ్డూరం, ‘నిపోతె’ అంటే మేనకోడలూ కావచ్చు, మనవరాలూ కావచ్చు, మనవడూ కావచ్చు! అయితే ఒక్క మర్యాద ఉంది. ‘నా పుస్తకం’ అనాలంటే ముందు ‘ఇల్’ పెట్టి ‘ఇల్ మీయొ లిబ్రొ’ అనాలి. ‘మా చెల్లి’ అనేటప్పుడు ఆ తోక అక్కర్లేదు, ‘మీయ సొరెల్ల’ చాలు. అయినవాళ్ళకి అడ్డు ఉండదన్నమాట.

ఆ రెండు మాటలే నాకు ఆస్పత్రిలో పనికొచ్చాయి. నొప్పుల్లో దానికి ఇంగ్లీషూ ఇటాలియనూ రెండూ పోయి ఒక్క ‘అమ్మా’ మిగిలింది. వణికిపోతోంది. మరిది కాగితాల మీద సంతకాలకి వెళ్ళాడు. పురుడు పోసే ఆవిడతో, “మీయ సొరెల్ల ఆ ఫ్రెద్దొ” అన్నాను. మా చెల్లికి చలి వేస్తోంది అని. వాళ్ళు చలి, ఆకలి, దాహం, నిద్ర, భయం అన్నీ ‘ఉన్నాయి’ అంటారు, మనం చలిగా ఉంది, భయంగా ఉంది అన్నట్టే. ఆవిడ వెంటనే దుప్పటి తెచ్చి కప్పి, చెల్లెలి తల నిమిరి, “ఆయి పఊర?” అంది. భయంగా ఉందా అని. మా చెల్లెలు కళ్ళు మూసుకునే, “సీ, ఒ పఊర” అంది. అవును, భయంగా ఉంది. నాలుగేళ్ళలో తన బాధ తన నోటితో ఆ దేశం మనిషికి చెప్పుకోవడం అదే మొదలు. ఆవిడ దాని చెయ్యి పట్టుకుని బిడ్డ పుట్టేదాకా వదల్లేదు.

ఇప్పుడు అది పెద్దవాళ్ళకి భాష నేర్పే అక్కడి ప్రభుత్వ బడికి పిల్లని ఎత్తుకునే వెళుతోంది. ఎ2 పాసయింది.

ఒకటి వచ్చాక రెండోది ఎప్పుడు మొదలుపెట్టాలని కొందరు అడుగుతున్నారు. మొదటిది బి1 దాకా రానిదే రెండోదాని జోలికి పోవద్దన్నది నా అభిప్రాయం. ముఖ్యంగా దగ్గరి చుట్టాలైన భాషలతో జాగ్రత్త. ఇటాలియన్‌లో ‘బుర్రొ’ అంటే వెన్న, స్పానిష్‌లో గాడిద. రొట్టె మీద ఏది రాసుకుంటామో తేలాక స్పానిష్ మొదలుపెట్టడం మంచిది. దూరపు భాషలకైతే తెలుగు ఇంకో తలుపు తెరుస్తుంది. జపనీస్‌లో ‘హోన్ ఒ యొము’ అంటే ‘పుస్తకాన్ని చదువుతాను’. వరస సరిగ్గా మనదే, ప్రత్యయం మాట వెనకే వస్తుంది. జర్మన్‌లో ‘ఎందుకంటే’ అని మొదలైన ముక్కలో క్రియ చివరికి పోతుంది. దాన్ని చూసి ఇంగ్లీషు చదువులవాళ్ళు విస్తుపోతారు గానీ, వాక్యం చివరిదాకా క్రియ కోసం ఆగడం మనకి పుట్టుకతో వచ్చిన ఓపిక. అమెరికా విదేశాంగశాఖ శిక్షణ సంస్థ తమవాళ్ళకి ఇటాలియన్ రావడానికి సుమారు 24 వారాలు, తెలుగుకి 44 వారాలు అని లెక్క కట్టింది. ఆ నలభై నాలుగు వారాల బరువు మనం ఊయల్లోనే ఎత్తేశాం!

హంగరీలో కాతో లోంబ్ అని ఒకావిడ ఉండేది. 1909లో పుట్టి 2003లో పోయింది. చదివింది రసాయనశాస్త్రం, బతికింది పదహారు భాషలతో. నవలలు చదువుతూ భాషలు పట్టేసింది, తెలియని మాట రాగానే ఆగిపోకుండా కథ వెంట పోవాలంటుంది. ఆవిడ చెప్పిన లెక్కొకటి నాకు భలే నచ్చింది. పెట్టిన సమయాన్నీ ఆసక్తినీ కలిపి బిడియంతో భాగిస్తే వచ్చేదే ఫలితమట. మనకి సమయం తక్కువన్నది నిజం. బిడియం మాత్రం పుట్టింటివాళ్ళు సారెలో పెట్టి మరీ పంపారు. పదిమందిలో విదేశీ మాట పలకాలంటే నాకూ గొంతు పెగలదు. అందుకే మొదట్లో గిన్నెలతో, తులసికోటతో మాట్లాడేదాన్ని. అవి నవ్వవు.

సెల్‌ఫోనులో బొమ్మలు చూపించి నేర్పేవాటి గురించి కూడా అడుగుతారు. అలవాటు తప్పకుండా ఉండటానికి మంచివే. కానీ వాటితోనే భాష వస్తుందనుకోవడం, టీవీలో వంటల కార్యక్రమం చూసి కడుపు నింపుకోవడం లాంటిది. రోజుకి అరగంట గొంతెత్తి చదవాలి, నాలుగు వాక్యాలు చేత్తో రాయాలి, ఎవరో ఒకరు దిద్దాలి. పరీక్ష రాయాలనుకునేవాళ్ళకి పెరూజ, సియేన నగరాల్లో విదేశీయుల కోసమే ఉన్న విశ్వవిద్యాలయాలు సర్టిఫికెట్లు ఇస్తాయి.

ఇంగ్లీషు మీడియం కాదు కదా, మాకెలా వస్తుందని సంకోచించే అమ్మాయిలకి గ్రాత్సియ దెలెద్ద గురించి చెబుతుంటాను. సార్డీనియా దీవిలో పుట్టింది. ఇంట్లో మాట్లాడేది సార్డీనియన్, ఇటాలియన్ నేర్చుకున్న భాష. బడి చదువు ప్రాథమిక తరగతులతో ఆగిపోయింది. ఆ నేర్చుకున్న భాషలోనే కథలూ నవలలూ రాసి 1926 సంవత్సరపు నోబెల్ సాహిత్య బహుమతి అందుకుంది.

నేనిప్పుడు నతాలియ గిన్జ్‌బుర్గ్ 1963లో అచ్చేసిన ‘లెస్సికొ ఫమిల్యారె’ చదువుతున్నాను. ఇంట్లోవాళ్ళు పదే పదే అనే మాటలతోనే కుటుంబం కథంతా అల్లిందావిడ. రోజుకి ఒక పేజీ, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక. ఆదివారం నాడు చెల్లెలు ఫోను చేసి నాకు అర్థం కాని వాక్యాలు విప్పి చెబుతుంది. దాని రెండేళ్ళ కూతురు పక్కనుంచి ఫోను లాక్కుని, “త్సీయా, చావొ!” అంటుంది. పెద్దమ్మా అని నేర్పే పని ఇంకా నాకు మిగిలే ఉంది.