వార్తల్లో పదం: సాఫ్ట్ పాయింట్ తూటా

మాచర్ల, వెల్దుర్తి వైపు నల్లమల అంచు చేలల్లో అడవిపందుల బెడద మాటొస్తే, కాల్చివేత అనుమతి సంగతీ వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంట పాడుచేసే పందిని చంపాలన్నా సెక్షన్ 11 కింద అధికారి కారణాలు రాసి అనుమతివ్వాలి. అప్పుడైనా ఆ ప్రాణం నలిగి నలిగి పోకూడదు.

ఇక్కడే సాఫ్ట్ పాయింట్ తూటా మాట వస్తుంది. దీనికి మొన దగ్గర సీసం బయటికే ఉంటుంది. ఒంట్లో దిగగానే పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పాటి గాయం చేస్తుంది. పూర్తి లోహపు తొడుగున్న సైనిక తూటా అయితే సన్నని బెజ్జం చేసి అవతలికి దూసుకుపోవచ్చు. వెనక ఎవరున్నా ముప్పే. విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడొద్దని 1899లోనే హేగ్ ప్రకటన చెప్పింది. వేటలో మాత్రం త్వరగా ప్రాణం పోవడానికి అవే మేలు.

తూటా ఎంత మంచిదైనా గురి తప్పితే వృథా. పంది పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి వెనకగా, ఒంటి కింది మూడోవంతులో కొట్టాలి. గుండె, ఊపిరితిత్తులు ఉండేది అక్కడే. పొట్టలో తగిలితే గంటల తరబడి నరకయాతన. నాటు తుపాకీ పెల్లెట్లతో జరిగేది తరచూ ఇదే. గాయపడి పొదలో దూరిన పంది మనిషి మీదికి రాగలదు. అందుకే కాల్చినవారే నెత్తుటి జాడ పట్టుకుని, రెండో తూటా సిద్ధంగా ఉంచుకుని వెతకాలి.