ఒకే మందు – దేశానికొక ధర ఎందుకు?

“సిస్టర్, అమెరికాలో ఈ ఇన్సులిన్‌కి వందల డాలర్లు అవుతుందని మా అబ్బాయి అంటున్నాడు. ఇక్కడ ఇంత తక్కువకే ఇస్తున్నారంటే ఇది మంచిదేనా?” అని షుగర్ ఉన్నవారు మమ్మల్ని అడుగుతుంటారు. “ఎంతైనా ఫర్వాలేదు, ఖరీదైన మందే రాయించండి” అనేవారు ఇంకొందరు. మరికొందరు ఏమీ అడగరు. చీటీ పట్టుకుని షాపుకు వెళ్ళి, ధర విని, సగం మాత్రలే కొనుక్కుని ఇంటికి వెళ్ళిపోతారు. ఈ మూడు రకాలవారూ తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

టమాటా మదనపల్లెలో ఒక ధర, హైదరాబాదులో మరో ధర పలికితే మనం ఆశ్చర్యపోము. లారీ కిరాయి, దారిలో పాడైపోయే సరుకు, మధ్యవర్తి కమీషన్ అన్నీ అందులో కలుస్తాయని మనకు తెలుసు. మాత్రల సంగతి అలా కాదు. పది మాత్రల షీటు బరువు కొన్ని గ్రాములే. రెండేళ్ళు, మూడేళ్ళు నిలవ ఉంటుంది. ప్రపంచం ఆ చివరికి పంపినా రవాణా ఖర్చు పెద్దగా కాదు. అయినా ఒక దేశంలో ఉన్న ధరకు పదింతలు, వందింతలు మరో దేశంలో ఉండవచ్చు.

ఒక మందు కథ చూడండి

హెపటైటిస్-సి అనేది రక్తం ద్వారా సోకి కాలేయాన్ని పాడుచేసే జబ్బు. దీనికి సోఫోస్బువిర్ అనే మంచి మందు వచ్చింది. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందినప్పుడు ఒక్కొక్క మాత్ర ధర 1,000 డాలర్లు. పన్నెండు వారాలకు 84 మాత్రలు, అంటే 84,000 డాలర్లు. అప్పటి లెక్కలో సుమారు 50 లక్షల రూపాయలు.

ఈజిప్టులో ఈ జబ్బు అప్పట్లో చాలా ఎక్కువగా ఉండేది. కొన్ని దశాబ్దాల క్రితం అక్కడ మరో రోగానికి ఊరూరా ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు సూదులు సరిగా శుభ్రం చేయకుండా మళ్ళీ మళ్ళీ వాడడం దీనికి ఒక ముఖ్య కారణం. 2014లో అదే కంపెనీ, అదే మందును ఈజిప్టు ప్రభుత్వానికి పన్నెండు వారాలకు 900 డాలర్ల చొప్పున ఇచ్చింది. 2015లో హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ తన జెనరిక్ మందును 28 మాత్రల సీసా 19,900 రూపాయల ధరకు విడుదల చేసింది. మూడు సీసాలకు 60 వేల లోపే.

మాత్రలో మందు అదే, మోతాదు అదే. మరి తేడా ఎక్కడిది?

మొదటి కారణం – పేటెంట్

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి ప్రభుత్వం 20 ఏళ్ళపాటు ప్రత్యేక హక్కు ఇస్తుంది. దీన్నే పేటెంట్ అంటారు. ఆ కాలంలో వేరెవరూ ఆ మందు తయారుచేసి అమ్మకూడదు. పోటీ లేనప్పుడు ధర చెప్పేది ఒక్కరే. పరిశోధనకు పెట్టిన ఖర్చు, విఫలమైన మందులకు పెట్టిన ఖర్చు తిరిగి రావాలని కంపెనీలు అంటాయి. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఎంత రావాలన్న లెక్క కూడా వారి చేతిలోనే ఉంటుంది.

మన దేశం 1970లో ఒక చట్టం చేసింది. అది 1972లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. వేరే పద్ధతిలో అదే మందును ఎవరైనా చేసుకోవచ్చు. హైదరాబాదు మందుల కంపెనీలకు పుట్టినిల్లు అయింది ఈ చట్టం వల్లనే. ప్రభుత్వ రంగంలోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థ స్థాపించారు. ఆ దారిలో ఇంకా ఎందరో వచ్చారు. 2005లో చట్టం మారి, మందులకు కూడా పేటెంట్ వచ్చింది. అందుకే ఆ తరువాత కనిపెట్టిన కొత్త మందులు కొన్ని మన దేశంలో కూడా చాలా ఖరీదు.

పోటీ వస్తే ఏమవుతుందో ఎయిడ్స్ మందులు చూపించాయి. 2000 సంవత్సరంలో ఒక రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001 ఫిబ్రవరిలో మన దేశపు సిప్లా కంపెనీ మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఒక సేవా సంస్థకు ఇస్తామని ముందుకు వచ్చింది. ఆఫ్రికాలో లక్షలాది మంది చికిత్స అందుకోవడానికి అది దారి తీసింది.

కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సోరాఫెనిబ్ విషయం కూడా అంతే. అప్పట్లో పేటెంట్ ఉన్న బేయర్ కంపెనీ మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉండేది. సామాన్యులకు అందని ధర కాబట్టి 2012 మార్చిలో మన పేటెంట్ అధికారి నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. నాట్కో ధర అప్పుడు నెలకు 8,880 రూపాయలు. బేయర్‌కు రాయల్టీ కట్టిన తరువాత కూడా ఆ ధరకు ఇవ్వగలిగారు.

రెండవ కారణం – బేరం ఆడేది ఎవరు?

సంతలో ఒక కిలో కొనేవారికి ఒక ధర, బస్తాలు కొనేవారికి ఒక ధర. బ్రిటన్‌లో 1948 నుండి ప్రజలందరి వైద్యం ప్రభుత్వమే చూస్తోంది. దేశం మొత్తం తరఫున ఒకరే బేరం ఆడుతారు. అమెరికాలో అలా లేదు. ఎన్నో ఇన్సూరెన్స్ కంపెనీలు, మధ్యలో ఏజెంట్లు, ఎవరి ఒప్పందం వారిది. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ పథకం మందుల ధరపై బేరమాడకూడదని 2003లో చట్టమే చేశారు. 2022లో దాన్ని మార్చారు. అలా బేరమాడిన మొదటి పది మందుల ధరలు 2026 జనవరిలో అమలులోకి వచ్చాయి.

ఇన్సులిన్ దీనికి మంచి ఉదాహరణ. 1921లో టొరంటోలో దీన్ని కనుగొన్న బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ హక్కును 1923లో మనిషికి ఒక్క డాలరు చొప్పున విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అందరికీ అందాలన్నదే వారి కోరిక. కానీ అమెరికాలో కొత్త రకం ఇన్సులిన్ ఒకటి 1996లో సీసా 21 డాలర్లు ఉండగా, 2017 నాటికి సుమారు 275 డాలర్లు అయింది. సీసాలో ఉన్నది మారలేదు. 2018 ధరలపై జరిగిన ఒక అధ్యయనంలో ఒక యూనిట్ ప్యాకింగ్ సగటు ధర అమెరికాలో 98 డాలర్లు దాటితే, మిగిలిన 32 సంపన్న దేశాల్లో సగటున 9 డాలర్ల లోపే ఉన్నట్లు తేలింది. పెద్ద గొడవ తరువాత 2023లో అక్కడి కంపెనీలు కొన్ని ఇన్సులిన్‌ల ధర బాగా తగ్గిస్తామని ప్రకటించాయి. కాబట్టి అమెరికాలో ఖరీదు ఎక్కువగా ఉండడానికి కారణం నాణ్యత కాదు, బేరం.

మూడవ కారణం – ప్రభుత్వ నియంత్రణ

మన దేశంలో 1997 నుండి మందుల ధరలు చూసే జాతీయ సంస్థ ఉంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని అది నిర్ణయించిన గరిష్ఠ ధరకు మించి అమ్మరాదు. గుండె రక్తనాళంలో వేసే స్టెంట్ల సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. లక్ష రూపాయలు దాటిన మందు పూత స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో సుమారు 29,600 రూపాయల పరిమితి పెట్టారు. వీటికి తోడు పన్నులు కూడా ఉంటాయి. 2025 సెప్టెంబరు 22 నుండి చాలా మందులపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది.

చవకంటే నాసిరకమా?

కాదు. అమెరికా వారు వేసుకునే జెనరిక్ మాత్రల్లో చాలా భాగం మన దేశంలో, అందులోనూ హైదరాబాదు చుట్టుపక్కల తయారైనవే. అలాగని ఎక్కడ దొరికితే అక్కడ కొనవద్దు. లైసెన్సు ఉన్న షాపులో, బిల్లు తీసుకుని, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి కొనండి. ఖరీదుకు, నాణ్యతకు ముడి పెట్టవద్దు.

ఇంకొక మాట. అమెరికాతో పోల్చి “మనకు చవకే” అనుకోవడం అందరికీ వర్తించదు. నెలకు 8,880 అంటే కూలి చేసుకునే కుటుంబానికి మోయలేని బరువు. ధర తక్కువా ఎక్కువా అన్నది ఇంటి ఆదాయంతో పోల్చి చూడవలసిందే.

విదేశాల మందులు – జాగ్రత్త

పిల్లలు ప్రేమతో అమెరికా నుండి మందులు తెస్తారు. ముఖ్యంగా ఇన్సులిన్ విషయంలో ప్రాణాపాయం ఉంది. మన దేశంలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. అమెరికా సీసా 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. అక్కడి ఇన్సులిన్‌ను ఇక్కడి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది.

పేర్లలో కూడా తేడా ఉంది. మన పారాసెటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ వేరనుకుని కలిపి వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్.

పిల్లల దగ్గరకు వెళ్ళే పెద్దలు బి.పి., షుగర్ మందులు డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగ్‌తోనే తీసుకువెళ్ళండి. మూడు నెలలకు మించి తీసుకువెళ్ళాలంటే అక్కడి నిబంధనలు ముందే కనుక్కోండి. ఇన్సులిన్‌ను చేతి సంచిలో పెట్టుకోండి. కింద లగేజీలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.

మీరు చేయదగినవి

1. చీటీలోని మందు అసలు పేరు డాక్టరును అడిగి రాసుకోండి. బ్రాండు పేరు ఒక్కటే తెలిస్తే చాలదు.

2. “ఇదే మందు తక్కువ ధరలో ఉందా?” అని అడగడానికి మొహమాటపడవద్దు. అది అడగవలసిన ప్రశ్నే.

3. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు బ్రాండు ధరలో సగానికీ, అంతకంటే తక్కువకూ దొరుకుతాయి.

4. ఎయిడ్స్ మందులు 2004 నుండి ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాల్లో ఉచితం. టి.బి. మందులు కూడా ఉచితమే. హెపటైటిస్-సి మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం ద్వారా ఉచితంగా ఇస్తున్నారు.

5. మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చవద్దు.

6. డబ్బు చాలకపోతే మోతాదు తగ్గించుకోవద్దు, రోజు విడిచి రోజు వేసుకోవద్దు. ఆ సంగతి డాక్టరుకో, సిస్టరుకో చెప్పండి. చాలాసార్లు తక్కువ ధరలో వేరే దారి ఉంటుంది. చెప్పకపోతే అది ఉందని మీకు తెలియదు, మీరు మాత్రలు మానేశారని మాకు తెలియదు. చివరికి పక్షవాతంతోనో, కాలిపుండుతోనో వచ్చి పడుకున్నప్పుడు అయ్యే ఖర్చు ఆ మాత్రల ఖర్చుకు ఎన్నో రెట్లు.